మహేంద్రగిరి ఎక్కే ముందు

ఒడిశాలోని మహేంద్రగిరి కొండకు శ్రీకాకుళం జిల్లా మందస వైపు నుంచి నడిచేవాళ్లు తెల్లారాకే బయల్దేరండి. చీకట్లో వద్దు, ఎలుగుబంట్లు తిరిగే వేళ. మనిషికి 4 లీటర్ల నీళ్లు, 2 ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, టార్చి, ఈల.

శిఖరం 1,501 మీటర్లు. కింద ఉక్కపోస్తున్నా పైన 8 నుంచి 10 డిగ్రీలు తక్కువ. చెమటకు తడిసిన చొక్కాకి గాలి తగిలితే వణుకే. పొడి చొక్కా ఒకటి కవర్లో చుట్టి పెట్టుకోండి.

అసలు చిక్కు ఎక్కడంలో కాదు, పైనున్న చదునులో. మబ్బు దిగిందంటే పది అడుగుల అవతల ఏముందో తెలీదు, ఎటు చూసినా ఒకే గడ్డి. అందుకే పైకి చేరగానే, గుళ్ల వైపు పరుగెత్తకుండా, వచ్చిన దారి మొదట్లో ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేసి, వెనక్కి తిరిగి ఫొటో తీయండి. దిగేటప్పుడు వెతికేది ఆ చోటునే. మబ్బులో దారి దొరక్కపోతే కూర్చోండి, లోయలోకి దిగొద్దు. ఉరుము వినబడితే మాత్రం చదును మీద ఉండొద్దు, ఒంటరి చెట్టు కిందకీ చేరొద్దు.