షాడోయింగ్‌కు ఏ డాక్టరు దగ్గర చేరాలి?

అమెరికాలో ప్రీమెడ్ (మెడికల్ కాలేజీలో చేరేందుకు సిద్ధమయ్యే) విద్యార్థులు షాడోయింగ్, అంటే డాక్టరు వెంట ఉండి పని చూడటం, అనగానే పెద్ద ఆసుపత్రి పేరు కోసం వెతుకుతారు. అంతకంటే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: డాక్టరు పేషెంటుతో మాట్లాడే మాటలు అక్కడ మీకు వినపడతాయా?

అందుకే మొదట ఫ్యామిలీ మెడిసిన్ లేదా ఇంటర్నల్ మెడిసిన్ క్లినిక్. షుగరున్న మనిషి ఇన్సులిన్ సరిగ్గానే తీసుకుంటున్నానంటాడు, ఏ1సీ అనే రక్తపరీక్ష రిపోర్టేమో గడిచిన మూడు నెలల సంగతి వేరేగా చెబుతుంది. డాక్టరు మందలించకుండా "నెలకు మందులకు ఎంతవుతోంది?" అని అడుగుతుంది. డోసు సగం చేసి వాడుతున్నానని అప్పుడు ఒప్పుకుంటాడు. ఇది చూడాలంటే అదే గదిలో ఉండాలి. ఒకే క్లినిక్‌కి నాలుగైదు పూటలు వెళ్తే, తిరిగి వచ్చిన పేషెంట్లూ కనబడతారు.

చిన్న క్లినిక్‌లో డాక్టరు, ఆఫీస్ మేనేజరు సరేనంటే చాలావరకు పనైపోతుంది. ఈమెయిల్ నాలుగైదు వాక్యాలు దాటనివ్వకండి, మీకు కుదిరే రోజులు రాసి ఒక్క పూట అడగండి. జవాబు రాకపోతే వారం తర్వాత ఫ్రంట్ డెస్కుకు ఫోన్ చేయండి.

ఆసుపత్రిలో అనుమతికి వారాలు పట్టొచ్చు. హిపా (పేషెంటు వివరాల గోప్యత చట్టం) శిక్షణ, ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా), ఆటలమ్మ, ఫ్లూ టీకాల కాగితాలు, టీబీ పరీక్ష మామూలుగా అడుగుతారు. ఎక్కువమంది దెబ్బతినేది టీబీ దగ్గరే. చర్మ పరీక్ష వేయించుకున్నాక 48 నుంచి 72 గంటల మధ్య మళ్లీ వెళ్లి చూపించాలి, గడువు దాటితే మళ్లీ మొదటికొస్తుంది. రక్తపరీక్షను ఒప్పుకునే చోటైతే అదే మేలు, ఒక్కసారి వెళ్తే చాలు.

సర్జరీ రెండో విడతకు ఉంచుకోండి. సర్జన్ల వెనక నిలబడితే వీపులే కనిపిస్తాయి. మత్తు డాక్టరును అడిగి, అనుమతిస్తే పేషెంటు తల వైపు నిలబడండి. నీలం గుడ్డ కప్పినదేదీ ముట్టుకోకూడదు. తినకుండా వెళ్లి, మోకాళ్లు బిగబట్టి గంటలు నిలబడితే కళ్లు తిరుగుతాయి. అలా అనిపించగానే నర్సుకు చెప్పి, టేబుల్‌కు దూరంగా గోడవారన కూర్చోండి. సిగ్గుపడి ఆగితే స్టెరైల్ (క్రిములు లేకుండా చేసిన) సామాను మీద మీరు పడిపోయే ప్రమాదం ఉంది.

గైనకాలజీ, సైకియాట్రీల్లో పేషెంట్లు బయట ఉండమనడం మామూలే. అది వాళ్ల హక్కు, మారు మాట్లాడకుండా బయటికి రండి. ఆస్టియోపతిక్ కాలేజీలకూ (ఎండీకి బదులు డీఓ డిగ్రీ ఇచ్చే మెడికల్ కాలేజీలు) దరఖాస్తు పెట్టేట్టయితే ఒక డీఓ దగ్గర కొన్ని పూటలు గడపండి, కొన్ని కాలేజీలు డీఓ రాసిన సిఫారసు ఉత్తరం అడుగుతాయి.

అమ్మానాన్నలో ఎవరైనా డాక్టరైతే అక్కడ మొదలుపెట్టడంలో తప్పులేదు, కానీ అంతటితో ఆగకండి. వాళ్ల సిఫారసు ఉత్తరానికి విలువుండదు. సెలవుల్లో ఇండియాలో బంధువుల ఆసుపత్రికి వెళ్లినా చూడటం వరకే. కుట్లు వేశానని అప్లికేషన్‌లో రాస్తే మెచ్చుకోరు, పేషెంటు భద్రత తెలియని వాడనుకుంటారు.

ఏఎమ్‌సీఏఎస్‌లో (మెడికల్ కాలేజీల ఉమ్మడి దరఖాస్తు) మీరు చేసిన పనులు, అనుభవాలు రాయడానికి మొత్తం 15 ఎంట్రీలే, ఒక్కోదానికి ఖాళీలతో కలిపి 700 అక్షరాలు. కాబట్టి ప్రతి పూటా బయటికొచ్చాక తేదీ, గంటలు, డాక్టరు ఫోన్ నంబరు, చూసిన ఒక్క సంగతి నోటుబుక్కులో రాసుకోండి. పేషెంటు పేరు, పుట్టిన తేదీ మాత్రం అందులో ఎక్కడా ఉండకూడదు. రెండు పూటలు వెళ్లినా కారిడార్‌లోనే నిలబెడుతుంటే థ్యాంక్స్ చెప్పి, ఇంకో క్లినిక్‌కు ఈమెయిల్ పంపండి.