పోస్ట్ పెట్టేముందే చూసుకోండి: పరువు నష్టం దావాలో అక్కరకొచ్చేవి

ఒకరి బాగోతం బయటపెట్టాలని కోపంగా టైప్ చేస్తున్నారా? కాసేపు ఆగండి. ‘నిజమే రాశాను, నన్నేం చేస్తారు’ అని చాలామందికి ధీమా. నిజానికి మించిన రక్షణ లేదు, ఒప్పుకుంటాను, కానీ దాన్ని కోర్టులో రుజువు చేయాల్సిన భారం మామూలుగా రాసినవాళ్ల మీదే పడుతుంది.

‘ఈ కాంట్రాక్టర్ దొంగ’ అని రాశారనుకోండి, ఇక దొంగతనం మీరే నిరూపించాలి. అదే ‘ఫలానా తేదీన అడ్వాన్స్ ఇచ్చాను, ఆరు నెలలైంది, పని మొదలుపెట్టలేదు, ఫోన్ ఎత్తడం లేదు’ అని రాస్తే రసీదు, కాల్ లిస్టు చాలు. ఆ తిట్టేదో చదివినవాళ్లే తిట్టుకుంటారు లెండి.

ఇండియాలో ఇంకో మెలిక ఉంది. సివిల్ దావాలో నిజమని తేలితే సరిపోతుంది గానీ, భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు పెడితే ‘నిజమే’ అన్న వాదన నిలబడాలంటే అది ప్రజల మేలు కోసం చెప్పిందై కూడా ఉండాలి, నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. అమెరికాలో అక్కడి సుప్రీంకోర్టు 1964లో ఇచ్చిన సలివాన్ కేసు తీర్పు తర్వాత దావా వేసిన ప్రభుత్వాధికారే, అవతలివాళ్లు అబద్ధమని తెలిసో, నిజానిజాలు పట్టించుకోకుండానో రాశారని చూపించాలి.

అభిప్రాయానికీ రక్షణ ఉంది. అయితే ‘నా ఉద్దేశంలో ఆయన లంచం తిన్నాడు’ అంటే అది ఆరోపణే. మీకు అలా ఎందుకు అనిపించిందో ఆ వాస్తవాలు పక్కనే రాయండి. మన ‘అట’ కూడా కాపాడదు, ‘డబ్బు నొక్కేశాడట’ అని ఫార్వర్డ్ చేసినా చాలా చోట్ల మీరే అన్నట్టు లెక్క. పేరు రాయకపోయినా, చదివినవాళ్లు మనిషిని పోల్చుకుంటే రాసినట్టే.

సంబంధిత అధికారికి సదుద్దేశంతో ఇచ్చిన ఫిర్యాదుకి రక్షణ ఉంటుంది, కక్షతో ఇచ్చారని తేలితే పోతుంది. ఆ కాపీనే తెచ్చి గ్రూపులో పెడితే మాత్రం ఆ రక్షణ దొరక్కపోవచ్చు.

బిల్లులు, మెసేజ్‌లు తేదీలు కనిపించేలా ముందే దాచుకోండి. అవతలి మనిషిని ‘మీరేమంటారు’ అని అడిగి, ఆ జవాబు కూడా పెట్టండి. నోటీసు వస్తే టెన్షన్‌లో డిలీట్ కొట్టేయకండి, ముందు స్క్రీన్‌షాట్ తీసి లాయర్‌కి చూపించండి. రాసింది తప్పని తేలితే దిద్దుబాటు అదే చోట, అంతమందికీ కనిపించేలా పెట్టండి, పరిహారం తగ్గడానికైనా పనికొస్తుంది.