నది ఒడ్డున గుడారం వేసే ముందు

2025 జూలై 4 తెల్లవారుజామున అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో గ్వాడలూపే నది పొంగి, ఒడ్డునున్న విడిదుల్లో నిద్రపోతున్నవారిని ఈడ్చుకుపోయింది. ముప్పావు గంటలో నీటిమట్టం సుమారు 26 అడుగులు పెరిగింది. ఆ రోజుల్లో ఆ రాష్ట్రాన్ని ముంచెత్తిన వరదల్లో మొత్తం 130 మందికి పైగా చనిపోయారు.

జనసంచారం తక్కువగా ఉండే నదీతీరపు పార్కుకు బయలుదేరేవారు మంచినీళ్లు, టార్చిలైటు, మందులపెట్టె ఎలాగూ సర్దుకుంటారు కాబట్టి వాటి జోలికి పోవడం లేదు. నేను చూసినంతలో మనుషులను నిలువునా ముంచే తప్పు ఒకటే: నీటి అంచున, చదునైన ఇసుకమీదనో గులకరాళ్లమీదనో గుడారం వేయడం.

అక్కడ చెట్టూ పొదా లేకుండా నేల అంత చదునుగా ఉండటానికి కారణం వరద వచ్చినప్పుడల్లా దాన్ని ఊడ్చుకుపోవడమే. చోటు వెతికేటప్పుడు ముందుగా చుట్టూ ఉన్న చెట్లను చూడండి. కొమ్మల పంగల్లో ఎండుగడ్డి, పుల్లలు, ప్లాస్టిక్ సంచుల పీలికలు ఇంచుమించు ఒకే ఎత్తున చిక్కుకుని ఉన్నా, మొదళ్లపై ఎండిన బురద చార కనిపించినా, నీరు అంతదాకా వచ్చి వెళ్లిందన్నమాట. ఆ ఆనవాళ్లకంటే బాగా ఎత్తులో, గట్టు దాటి గుడారం వేయాలి. నీటి చప్పుడు వింటూ పడుకోవాలన్న సరదాను పగటిపూట ఒడ్డున కూర్చుని తీర్చుకోవచ్చు. పైగా రాత్రంతా ఆ చప్పుడుకు అలవాటుపడిన చెవికి, పెరుగుతున్న వరద హోరు ఆలస్యంగా గాని తెలియదు.

చాలామంది ఈ తప్పు చేసేది ఆకాశం నిర్మలంగా ఉందన్న ధైర్యంతోనే. మీరున్నచోట చుక్కలు కనిపిస్తుండగానే ఎగువన కుంభవృష్టి కురవవచ్చు, అసలు వానే లేకుండా జలాశయం గేట్లు ఎత్తవచ్చు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలోకి దిగిన హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మందిని పొట్టనపెట్టుకున్నది ఎగువనున్న లార్జీ ప్రాజెక్టు నుంచి వదిలిన నీరే. కాబట్టి బయలుదేరే ముందు ఎగువ ప్రాంతపు వాతావరణ సూచన చూడండి, పైన ఆనకట్ట ఉందేమో, నీరు వదిలే ముందు సైరన్ ఎక్కడ మోగిస్తారో పార్కు సిబ్బందిని అడగండి.

నడకలో వాగు అడ్డొస్తే వెనుదిరగడం చిన్నతనమేమీ కాదు. వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా పెద్దవారిని పడగొట్టగలదు. 60 సెంటీమీటర్లుంటే చాలా వాహనాలను తేల్చుకుపోతుంది. దాటక తప్పనప్పుడు వీపు సంచి నడుము పట్టీని, ఛాతీ పట్టీని ముందే విప్పుకోవాలి, లేకపోతే పడినప్పుడు ఆ బరువే మనిషిని ముంచుతుంది. కొట్టుకుపోతుంటే నిలబడే ప్రయత్నం చేయకుండా వెల్లకిలా తేలుతూ, పాదాలను దిగువవైపు నీటి పైభాగానికి ఎత్తి ఉంచాలి. రాళ్ల సందున పాదం ఇరుక్కుంటే వెనకనుంచి తోసే ప్రవాహం తలను నీళ్లలోకి వంచేస్తుంది.

ఇక మిగిలినవి. ఎండుకొమ్మల కింద గుడారం వద్దు. గుడారంలో స్టవ్ గాని బొగ్గుల కుంపటి గాని వెలిగించవద్దు; కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. ఉరుము వినబడితే నీళ్లలోంచి బయటికి రండి, చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు ఆగండి. మద్యం తాగి నీళ్లలోకి దిగవద్దు. బూట్లు దులిపి తొడుక్కోండి. లోయలో ఫోను సిగ్నల్ ఉంటుందని నమ్మవద్దు. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడు వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి. కారును బయటికి పోయే దారివైపు తిప్పి, అదీ గట్టుపైనే నిలపండి. చీకటి పడకముందే గట్టెక్కే దారి పిల్లలతో సహా అందరూ ఒకసారి నడిచి చూడాలి. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి, గంటకోసారి చూడండి. పుల్ల మునిగినా, నీరు మురికి తిరిగినా, ఆకులూ కొమ్మలూ కొట్టుకొస్తున్నా చర్చలు పెట్టుకోవద్దు. గుడారం వదిలేయండి. సంచి వదిలేయండి. నది వెంబడి దిగువకు పరుగెత్తవద్దు, నేరుగా పైకి ఎక్కండి. మళ్లీ చెబుతున్నాను: నీటి అంచున పడుకోవద్దు, ఆకాశం ఎంత తేటగా ఉన్నా సరే. ఎక్కినవారు నీరు తగ్గిందని సామాన్లకోసం కిందికి దిగవద్దు. ఉపనదుల నీరు ఆలస్యంగా వచ్చి కలిసినప్పుడు రెండో ఉద్ధృతి మొదటిదానికన్నా పెద్దది కావచ్చు.