ఇద్దరి ఉద్యోగాలతో దీవుల్లో కాపురం: బయలుదేరే ముందు తేల్చుకోవలసినవి

ఉష్ణమండల దీవుల్లో నెలల తరబడి ఉంటూ అక్కడి నుంచే ఉద్యోగాలు చేసుకోవాలనుకునే దంపతులు సాధారణంగా ముందు దీవిని ఎంచుకుంటారు, తర్వాత ఇల్లు వెతుక్కుంటారు, పని సంగతి అక్కడికి చేరాక చూసుకుందామనుకుంటారు. మూడేళ్లుగా ఇలాగే జీవిస్తున్న మా అనుభవంలో ఈ వరుసను తిరగవేయాలి. ముందు ఇద్దరి పని వేళలు, ఆ వేళలకు తగిన ఇల్లు, ఆ రెండూ దొరికే దీవి అన్న క్రమంలో ఆలోచించాలి. ఒంటరిగా తిరిగేవారికి ఒక బల్ల, ఒక ఇంటర్నెట్ లైను ఉంటే గడిచిపోతుంది. దంపతుల విషయంలో ఒకే కప్పు కింద, ఒకే లైను మీద, ఒకే కరెంటు మీద రెండు ఉద్యోగాలు నడవాలి. మేము పడిన ఇబ్బందులన్నింటికీ మూలం ఈ ఒక్క విషయాన్ని మొదట్లో పట్టించుకోకపోవడమే.

పని వేళలతో మొదలుపెట్టండి

నా బృందం లండన్‌లో ఉంటుంది. నా భర్త పనిచేసే క్లయింట్లు సింగపూర్‌లో ఉంటారు. మేము మొదట ఇండోనేషియాలోని బాలికి వెళ్లాము. బాలి, సింగపూర్ గడియారాలు ఒక్కటే కాబట్టి ఆయన పని ఉదయం 9 నుంచి సాయంత్రం 6 దాకా చక్కగా సాగేది. లండన్ మాత్రం వేసవిలో 7 గంటలు, చలికాలంలో 8 గంటలు వెనక ఉంటుంది. అందువల్ల నా పని సాయంత్రం 4కి మొదలై అర్ధరాత్రికి ముగిసేది. ఆయన ల్యాప్‌టాప్ మూసే సమయానికి నేను రెండో మీటింగ్‌లో ఉండేదాన్ని, నేను లేచి దీపం ఆర్పే సమయానికి ఆయన గాఢనిద్రలో ఉండేవారు. ఆరు వారాల పాటు సముద్రాన్ని ఇద్దరం కలిసి చూసింది శని, ఆదివారాల్లోనే.

మారిషస్‌కు మారితే ఇది సర్దుకుంటుందనుకున్నాము. అక్కడి గడియారం సింగపూర్ కంటే 4 గంటలు వెనక ఉంటుంది. ఆయన పని తెల్లవారుజామున 5కి మొదలై మధ్యాహ్నం 2కి ముగిసింది, నాది మధ్యాహ్నం 12కి మొదలై రాత్రి 8కి ముగిసింది. మళ్లీ అదే ఎడబాటు. అప్పుడు గాని మాకు తట్టలేదు, ఇద్దరి కార్యాలయాల మధ్య ఉన్న 7 గంటల దూరం మనం ఏ దీవికి వెళ్లినా తగ్గదని. దీవి మారితే ఆ దూరం రోజులో ఎక్కడ పడుతుందో మారుతుంది, అంతే.

కాబట్టి మార్చవలసింది దీవిని కాదు, పనిని అమర్చుకునే తీరును. ఒక కాగితం మీద దీవి గడియారం ప్రకారం 24 గడులు గీయండి. ఇతరులతో కలిసి ఉండి తీరవలసిన గంటలను ఇద్దరూ వేర్వేరు రంగులతో నింపండి. ఒక్కరే కూర్చుని చేసుకోగల పనిని ఇంకా నింపకండి. మా కాగితంలో అలా నింపాక మిగిలిన తెల్ల గడులు చూసి మేమే ఆశ్చర్యపోయాము. నా భర్త తన క్లయింట్లతో మాట్లాడి మీటింగులన్నింటినీ సింగపూర్ సమయం మధ్యాహ్నం 1 నుంచి 5 లోపల, అంటే మారిషస్‌లో ఉదయం 9 నుంచి 1 లోపల కుదుర్చుకున్నారు. మిగతా కోడింగ్ పనిని నేను పనిలో ఉండే మధ్యాహ్నాలకు జరుపుకున్నారు. దాంతో ఉదయం 6 నుంచి 9 దాకా ఇద్దరికీ ఖాళీ దొరికింది. ఈ మాట బయలుదేరక ముందే క్లయింటుతోనో, మేనేజరుతోనో తేల్చుకోవడం మేలు, ఎందుకంటే దీవికి చేరాక అడిగితే అది సెలవు కోసం చేసే బేరంలా వినిపిస్తుంది.

ఆ ఖాళీ ఉదయం పూట దొరకడం అదృష్టమే. భూమధ్యరేఖకు దగ్గరి దీవుల్లో ఏడాది పొడవునా సూర్యుడు ఇంచుమించు 6, 7 గంటల మధ్యే అస్తమిస్తాడు, సంధ్య వెలుగు కూడా ఎక్కువసేపు నిలవదు. పని ముగించుకుని సాయంత్రం ఈతకు వెళ్దామని లెక్కలు వేసుకునేవారు ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

ఇంకొక చిక్కు కూడా ఉంది. యూరప్‌లో మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో గడియారాలను ఒక గంట మారుస్తారు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం ఈ మార్పు జరుగుతుంది. బాలి, మారిషస్, థాయిలాండ్, కరీబియన్ దీవి బార్బడోస్‌లలో ఇటువంటి మార్పు లేదు. మీరు కదలకుండా కూర్చున్నా మీ మీటింగులు ఒక గంట జరిగిపోతాయి. ఆ నాలుగు తేదీలను క్యాలెండర్‌లో ముందుగానే రాసి పెట్టుకోండి.

వీసా, పన్ను, యజమాని అనుమతి

పర్యాటక వీసా మీద ల్యాప్‌టాప్ తెరిచి ఉద్యోగం చేసుకోవడం చాలా దేశాల్లో చెల్లదు. ఎవరూ అడగరులే అన్న ధైర్యంతో ఇద్దరి జీవనాధారాన్నీ పణంగా పెట్టడం నాకు సమ్మతం కాదు. ఇందుకోసమే ఇప్పుడు ప్రత్యేక వీసాలు ఉన్నాయి. బార్బడోస్ 2020 జులైలో వెల్‌కమ్ స్టాంప్ పేరుతో 12 నెలల అనుమతిని మొదలుపెట్టింది, దానికి ఏడాదికి 50,000 అమెరికన్ డాలర్ల ఆదాయం ఉంటుందని ధ్రువీకరించాలి, జీవిత భాగస్వామిని అదే దరఖాస్తులో చేర్చుకోవచ్చు. మారిషస్ ప్రీమియం వీసా కూడా 2020లోనే వచ్చింది, దానికి నెలకు 1,500 అమెరికన్ డాలర్ల ఆదాయం చూపించాలి. థాయిలాండ్ 2024లో తెచ్చిన డెస్టినేషన్ థాయిలాండ్ వీసా 5 ఏళ్లు చెల్లుతుంది, ఒక్కో రాకకు 180 రోజులు ఉండనిస్తుంది. ఈ షరతులు మారుతూ ఉంటాయి కాబట్టి దరఖాస్తు చేసే వారంలోనే ఆయా దేశాల వలస శాఖ అధికారిక పేజీలో మరోసారి చదువుకోండి. భార్యాభర్తల్లో ఒకరు ప్రధాన దరఖాస్తుదారు, మరొకరు ఆధారితులు అయితే, ఆ ఆధారితులకు పని చేసే హక్కు ఉందో లేదో విడిగా అడగండి. చాలామంది దంపతులు చదవకుండా దాటేసే వాక్యం ఇదే. వివాహ ధ్రువపత్రానికి అపోస్టిల్ ముద్ర (పత్రం ఇతర దేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) అవసరమైతే దానికి వారాలు పట్టవచ్చు, పాస్‌పోర్టుకు కనీసం 6 నెలల గడువు మిగిలి ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి.

పన్ను విషయంలో రోజులు లెక్కపెట్టుకోవడం తప్పనిసరి. ఇండోనేషియాలో 12 నెలల వ్యవధిలో 183 రోజులు దాటి ఉంటే, థాయిలాండ్‌లో ఒక క్యాలెండర్ సంవత్సరంలో 180 రోజులు ఉంటే అక్కడి పన్ను నివాసులుగా, అంటే ఆ దేశపు పన్ను నిబంధనలు వర్తించే నివాసులుగా పరిగణిస్తారు. వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ, ఏ విమానం అన్నవి ఒక పుస్తకంలో రాసుకుంటూ ఉంటే ఏడాది చివర తడుముకోనక్కర్లేదు. మీరు పనిచేసే సంస్థ నుంచి ఏ దేశంలో ఎన్ని రోజులు పనిచేయవచ్చో రాతపూర్వకంగా తీసుకోండి. సంస్థకు కూడా ఆ దేశంలో పన్ను బాధ్యతలు తగులుకునే అవకాశం ఉంటుంది కనుక వారు అడిగే ప్రశ్నలను అడ్డంకులుగా చూడకూడదు.

ఇల్లు, ఇంటర్నెట్, కరెంటు

ఒకసారి ఒక ఇంటి యజమాని మాకు ఇంటర్నెట్ వేగం చూపే ఫోటో పంపారు, అందులో సెకనుకు 90 మెగాబిట్లు అని ఉంది. సంతోషంగా నెల అద్దె కట్టేశాము. అది డౌన్‌లోడ్ వేగం, అంటే మనకు వచ్చే డేటాది. మన వైపు నుంచి పంపే అప్‌లోడ్ వేగం 4 మెగాబిట్లే. మంచి నాణ్యత గల వీడియో కాల్ ఒక్కదానికే 3 నుంచి 4 మెగాబిట్ల అప్‌లోడ్ కావాలి, మేము ఇద్దరం ఒకేసారి కెమెరా తెరిస్తే ఇద్దరి ముఖాలూ బిగుసుకుపోయేవి. ఆ నెలంతా ఒకరు వీడియోలో ఉంటే మరొకరు మాటతో సరిపెట్టుకున్నాము. తప్పు ఆ యజమానిది కాదు, సరైన ప్రశ్న అడగని మాదే. ఇప్పుడు మేము అప్‌లోడ్ వేగాన్ని, బల్ల ఉన్న గదిలోనే, రాత్రి 8 గంటల ప్రాంతంలో పరీక్షించి పంపమని అడుగుతాము.

గదుల అమరిక గురించి ఇంతకంటే గట్టిగా చెప్పాలి. దీవుల్లో అందంగా కనిపించే ఇళ్లలో చాలావాటికి గోడలు తక్కువ, తెరిచి ఉన్న భాగం ఎక్కువ. తలుపు మూసుకోగల రెండు గదులు లేని ఇంటిని, ఎంత ముచ్చటగా ఉన్నా, మేము ఇప్పుడు తీసుకోము. పైకప్పు దేనితో వేశారో కూడా అడగండి. రేకుల కప్పు మీద జోరువాన పడేటప్పుడు పక్కనున్న మనిషి మాట కూడా వినబడదు. అటువంటి వానలో ఒకసారి నేను ఇరవై నిమిషాల ప్రజెంటేషన్‌ను మంచం మీద దుప్పటి ముసుగు వేసుకుని, హెడ్‌సెట్ మైకును పెదవులకు ఆనించి పూర్తి చేశాను. నా భర్త ఆ సమయంలో కిటికీ సందుల్లో తువ్వాళ్లు కుక్కుతున్నారు.

ఇంటి లైను పోతే వాడుకోవడానికి మొబైల్ డేటా ఉండాలి, అది ఇంటి లైను ఇచ్చిన కంపెనీది కాకూడదు. ఇద్దరి ఫోన్లలో రెండు వేర్వేరు నెట్‌వర్కులు పెట్టుకుంటే ఇంకా మంచిది. అయితే చిన్న దీవుల్లో ఎన్ని కంపెనీలున్నా అన్నీ ఒకే సముద్రగర్భ కేబుల్ మీద ఆధారపడి ఉండవచ్చు. 2022 జనవరిలో హుంగా టోంగా అగ్నిపర్వతం పేలినప్పుడు పసిఫిక్ దీవుల దేశమైన టోంగాను బయటి ప్రపంచంతో కలిపే కేబుల్ తెగి, దాన్ని తిరిగి అతికించడానికి సుమారు 5 వారాలు పట్టింది. ఉపగ్రహ ఇంటర్నెట్ ఉంటే అది ఏ రకమో తెలుసుకోండి. భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉండే ఉపగ్రహాల ద్వారా మాట వెళ్లి జవాబు రావడానికి అర సెకనుకు పైగా పడుతుంది, దాంతో సంభాషణలో ఇద్దరూ ఒకేసారి మాట్లాడి ఒకేసారి ఆగుతుంటారు. స్టార్‌లింక్ వంటి సంస్థల ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులోనే ఉంటాయి కాబట్టి ఆ ఆలస్యం చాలా తక్కువ, అయితే ఆ దేశంలో దానికి అనుమతి ఉండాలి.

కరెంటు పోయినప్పుడు ఫైబర్ లైను చాలాసార్లు పనిచేస్తూనే ఉంటుంది, ఆగిపోయేది మన ఇంటి రౌటరు. దానికి సరిపోయే చిన్న యూపీఎస్ ఒకటి వెంట ఉంచుకుంటే ఒకటి రెండు గంటలు గడుస్తాయి. పవర్ బ్యాంకులను విమానంలో చేతి సంచిలోనే తీసుకెళ్లాలి, 100 వాట్ అవర్ల లోపువాటికి సాధారణంగా ప్రత్యేక అనుమతి అవసరం లేదు. 20,000 మిల్లీ ఆంపియర్ అవర్ల పవర్ బ్యాంకు సుమారు 74 వాట్ అవర్లకు సమానం.

ఏసీ గదిలోంచి ల్యాప్‌టాప్‌ను నేరుగా వరండాలోకి తెస్తే చల్లని లోహం మీద క్షణాల్లో చెమ్మ పట్టడం మీరే చూస్తారు. లోపలి భాగాల మీద కూడా అదే జరుగుతుంది. సంచిలో మూసి ఉంచి, అరగంట తర్వాత తెరవండి. బ్యాంకు ఓటీపీలు వచ్చే పాత సిమ్‌ను ఫోనులో అలాగే ఉంచి, స్థానిక డేటాకు ఈ-సిమ్ (విడిగా కార్డు పెట్టనక్కర్లేని సిమ్) వాడుకోవడం అన్నిటికంటే సులువైన పద్ధతి.

రుతువులు, ఆరోగ్యం

ఒకే దేశంలోని రెండు దీవుల్లో వానాకాలాలు వేరుగా ఉండవచ్చు. థాయిలాండ్‌లో అండమాన్ సముద్రం వైపున్న ఫుకెట్‌లో మే నుంచి అక్టోబరు దాకా వానలు కురిస్తే, థాయిలాండ్ సింధుశాఖ (గల్ఫ్) వైపున్న కో సముయ్‌లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎక్కువగా కురుస్తాయి. ఇది తెలిస్తే ఒకే వీసా మీద వానను తప్పించుకుంటూ ఏడాదిలో అటూ ఇటూ మారవచ్చు. బాలిలో వానలు నవంబరు నుంచి మార్చి దాకా ఉంటాయి. బార్బడోస్ ఉన్న వైపు అట్లాంటిక్ హరికేన్ (తుపాను) కాలం జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు, మారిషస్‌లో తుపాన్ల బెడద జనవరి నుంచి మార్చి దాకా ఎక్కువ.

డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ పగటిపూట కుడుతుంది, బల్ల కింద కాళ్ల దగ్గర చేరుతుంది. రాత్రి దోమతెర కట్టుకుని పగలు పట్టించుకోని వారికి అది ఉపయోగపడదు. ఇంటి చుట్టూ కుండీల పళ్లేల్లో, బకెట్లలో నిలిచిన నీటిని వారానికి ఒకసారైనా పారబోయండి. బీమా తీసుకునేటప్పుడు, అవసరమైతే పెద్ద ఆసుపత్రి ఉన్న చోటికి విమానంలో తరలించే ఖర్చు అందులో ఉందో లేదో చూడండి. స్కూటర్ నడపడానికి తగిన లైసెన్సు లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు చాలా బీమాలు పనికిరావు. సముద్రంలో తీరం నుంచి లోపలికి లాగే ప్రవాహంలో చిక్కుకుంటే ఎదురీదకుండా తీరానికి సమాంతరంగా ఈదాలి, ఈ ఒక్క మాటను ఇద్దరూ నీటిలో దిగకముందే చెప్పుకోండి.

ఒక దీవి నుంచి మరో దీవికి

ఒక్కో దీవిలో కనీసం 6 వారాలు ఉండాలన్నది మా నియమం. అంతకంటే తక్కువైతే మొదటి వారం సర్దుకోవడానికి, చివరి వారం సర్దేసుకోవడానికి పోయి, మధ్యలో పనికీ సముద్రానికీ కూడా న్యాయం జరగదు. ప్రయాణాన్ని శుక్రవారం పని ముగిశాక పెట్టుకుంటే, అలలు ఎక్కువై పడవలు రద్దయినా శని, ఆదివారాలు చేతిలో ఉంటాయి. స్కూబా డైవింగ్ చేసేవారు చివరి డైవ్‌కూ విమానానికీ మధ్య కనీసం 18 గంటలు విడవాలి, కాబట్టి చివరి రోజు నీళ్లలోకి దిగకుండా ఉండడమే మంచిది.

కొత్త ఇంటికి చేరాక మేము పెట్టెలు విప్పము. రెండు ల్యాప్‌టాప్‌లను రెండు గదుల్లో పెట్టి, తలుపులు మూసి, ఇద్దరం వేర్వేరు వ్యక్తులతో ఒకేసారి పావుగంట వీడియో కాల్ మాట్లాడతాము. తర్వాత ఇంటి ఇంటర్నెట్ ఆపేసి మొబైల్ డేటా మీద అదే పని మళ్లీ చేస్తాము. రెండూ కుదరకపోతే యజమానితో మాట్లాడి వేరే ఇల్లు చూసుకోవడానికి ఇంకా శని, ఆదివారాలు మిగిలి ఉంటాయి.