బిట్ఎక్స్ కిట్ మొరాయిస్తే ఎక్కడ చూడాలి?

బిట్ఎక్స్ అంటే హ్యామ్ రేడియోవాళ్లు సొంతంగా బిగించుకునే, వినడానికీ మాట్లాడడానికీ పనికొచ్చే చిన్న సెట్టు. మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం, మైపాడు వైపు. ఇంటికి ఒక పక్క సముద్రపు గాలి, మిగతా మూడు పక్కలా రొయ్యల గుంటలు. నా రేడియోని ఈ రెండూ సతాయించినంతగా ఏ ట్రాన్సిస్టరూ సతాయించలేదు. అందుకే కిట్ పనిచేయనప్పుడు ఐసీల జోలికి పోకముందు బయటి తీగలు చూడమంటాను.

కింద చెప్పే అంకెలు హైదరాబాదుకు చెందిన అష్హర్ ఫర్హాన్ (హ్యామ్ రేడియోలో పిలుపు పేరు వీయూ2ఈఎస్ఈ) రూపొందించిన బిట్ఎక్స్ 40కి సంబంధించినవి. 40 మీటర్ల బ్యాండు (7 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల), 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఫిల్టరు, చివర మాటని యాంటెన్నాకి పంపే ట్రాన్సిస్టరు ఐఆర్ఎఫ్510. వేరే కిట్ అయితే అంకెలు మారతాయి, వెతికే వరస మాత్రం ఇదే. ఇంకా లైసెన్సు రానివాళ్లు ముందు డబ్ల్యూపీసీ (హ్యామ్ లైసెన్సులిచ్చే కేంద్ర ప్రభుత్వ విభాగం) పరీక్ష పని చూసుకోండి, కిట్ ఎక్కడికీ పోదు.

చేతిలో మూడు వస్తువులు ఉండాలి. ఒక మల్టీమీటరు. షార్ట్‌వేవ్ పట్టే పాత రేడియో, అటక మీద తాతగారిది ఉంటే దుమ్ము దులపండి. ఇంకొకటి డమ్మీ లోడ్, అంటే పరీక్షకి యాంటెన్నా బదులు తగిలించే రెసిస్టరు. ఒక వాటు 1 కిలో ఓమ్ కార్బన్ రెసిస్టర్లు 20 తీసుకుని ఒక వైపు కొనలన్నీ ఒకటిగా, రెండో వైపు కొనలన్నీ ఒకటిగా (ప్యారలల్‌గా) కలిపి సోల్డర్ చేస్తే 50 ఓమ్‌లు వస్తుంది. వైర్‌వౌండ్ రెసిస్టర్లు వద్దు, అవి రేడియో ఫ్రీక్వెన్సీ దగ్గర కాయిల్ అయిపోతాయి.

స్విచ్ వేసినా చలనం లేదు

ప్లస్, మైనస్ తిరగబడ్డాయేమో, ఫ్యూజు పోయిందేమో చూడండి. బోర్డు మీద 12 వోల్టులు, డిస్‌ప్లే కార్డు మీద 5 వోల్టులు ఉన్నాయా కొలవండి. 12 ఉండి 5 లేకపోతే రెగ్యులేటరు పోయినట్టు. ఇంతకు మించి ఇందులో ఏమీ లేదు.

డిస్‌ప్లే వెలుగుతోంది, స్పీకర్ మూగ

వాల్యూమ్ కంట్రోల్ మధ్య కాలిని స్క్రూడ్రైవరు కొనతో తాకండి, వేలు లోహానికి తగిలేలా పట్టుకుని. బుర్రుమంటే స్పీకర్, దానికి శబ్దం అందించే ఐసీ ఎల్ఎం386 రెండూ బాగున్నాయి, లోపం అంతకు ముందే ఎక్కడో ఉంది. ఉలుకూ పలుకూ లేకపోతే ఎల్ఎం386 ఆరో కాలి మీద సప్లై వోల్టేజీ, ఐదో కాలి మీద దాదాపు అందులో సగం ఉన్నాయా చూడండి. ఆరులో ఉండి ఐదులో సున్నా ఉంటే, స్పీకర్ వైపు షార్ట్ లేదని చూసుకుని ఐసీ మార్చండి. నాకైతే మూడుసార్లలో రెండుసార్లు వాల్యూమ్ కంట్రోల్ తీగలు అటూ ఇటూ అయినందుకే ఈ మూగనోము.

హుష్ అని శబ్దం వస్తోంది, స్టేషన్లు లేవు

యాంటెన్నా పీకి మళ్లీ పెట్టండి. శబ్దంలో తేడా తెలిస్తే ముందు భాగం బతికే ఉంది. తెలియకపోతే పాత రేడియో పని ఇప్పుడే. దాన్ని కిట్ పక్కన పెట్టి 12 మెగాహెర్ట్జ్ దగ్గర మెల్లగా తిప్పండి. బీఎఫ్ఓ (12 మెగాహెర్ట్జ్ దగ్గర స్థిరంగా ఉండే ఆసిలేటరు) పనిచేస్తుంటే ఒకచోట రేడియో హోరు ఠక్కున ఆగి నిశ్శబ్దం అవుతుంది. అలాగే 4.9 మెగాహెర్ట్జ్ దగ్గర వీఎఫ్ఓ (స్టేషను మార్చడానికి తిప్పే ఆసిలేటరు) కోసం వెతకండి. 7.1లో ఉన్న స్టేషనుకి ఈ రెంటి తేడా సరిపోవాలి, 12 లోంచి 4.9 తీసేస్తే 7.1. కిట్ స్విచ్ తీయగానే ఆ నిశ్శబ్దం మాయమైతే అది మనదే. ఆసిలోస్కోపు లేనివాడికి ఇంతకంటే చవకైన పరీక్ష నాకు తెలీదు.

రెండూ ఉన్నా స్టేషన్లు లేకపోతే, కాయిళ్లు మీరే చుట్టి ఉంటే, అనుమానం నేరుగా వాటి మీదకే పోవాలి. ఎనామిల్ తీగ చూడ్డానికి రాగిలాగే మెరుస్తుంది, సోల్డరు దాని చుట్టూ చక్కగా గుండ్రంగా కూర్చుంటుంది కూడా, లోపల మాత్రం కరెంటు పోదు. బ్లేడుతో కొన గీకి, రాగి గులాబీ రంగులో కనబడేదాకా ఆగకండి. గీకాక ముందు తీగకే సోల్డరు పట్టించి, ఆ తర్వాత బోర్డులో దించండి. బైఫైలార్ చుట్టలో, అంటే రెండు తీగలు జంటగా చుట్టినదాంట్లో, రెండు తీగలూ ఒకే రంగువైతే ఏ కొన ఏ తీగదో మీటరుతో చూసుకున్నాకే కలపాలి. ఫర్హాన్ మొదటి బిట్ఎక్స్ డిజైనులో కాయిల్ చుట్టడానికి కుళాయి వాషరు వాడాడు. కాబట్టి కోరు (తీగ చుట్టే రింగు) ఖరీదైందా కాదా అన్నది సమస్య కాదు, కొనలు గీకామా లేదా అన్నదే.

అందరి గొంతూ బాతులా వినబడుతోంది

ఒక్కరి గొంతే అలా ఉంటే తప్పు వాళ్ల సెట్‌ది. అందరిదీ అలాగే ఉంటే మనది. 40 మీటర్లలో మాటకి వాడేది ఎల్ఎస్‌బీ, అంటే గొంతు సంకేతంలో కింది సగం (కింది సైడ్‌బ్యాండ్). ఎటు తిప్పినా గొంతు మనిషి గొంతు కాకపోతే సైడ్‌బ్యాండ్ తిరగబడింది. గొంతు కుదిరి, డిస్‌ప్లేలో అంకె మాత్రం తేడాగా ఉంటే కాలిబ్రేషన్ చేసుకుంటే చాలు. బీఎఫ్ఓ కొద్దిగా పక్కకి జరిగినా గొంతు మరీ కీచుగానో, బాన లోపల్నుంచి మాట్లాడినట్టో వస్తుంది.

పీటీటీ నొక్కితే పవర్ లేదు

పీటీటీ అంటే మాట్లాడేటప్పుడు నొక్కే మీట. నొక్కగానే రిలే (వినడం నుంచి పంపడానికి మార్చే స్విచ్) టిక్కుమందా? లేకపోతే పీటీటీ తీగ చూడండి. టిక్కుమని మాట పోకపోతే మైకు చూడండి. చిన్న గుండీ మైకులో డొక్కుకు తగిలి ఉన్న కాలు గ్రౌండుకు పోవాలి, తిప్పి పెడితే పనిచేయదు.

ఆ తర్వాత ఐఆర్ఎఫ్510. నా మొదటి బోర్డుని స్టీలు క్యారేజీ గిన్నెలో బిగించాను, చూడ్డానికి ముచ్చటగా ఉందని. ఐఆర్ఎఫ్510 వెనక రేకే దాని డ్రెయిను, సప్లై చేరే కాలు. అంటే హీట్ సింక్ మీద ఎప్పుడూ సప్లై వోల్టేజీ ఉంటుంది. గిన్నె మూత నొక్కగానే హీట్ సింక్ అంచు స్టీలుకి తగిలింది. ముందు వార్నిష్ కాలిన వాసన, తర్వాత సన్నటి పొగ. కాలింది ట్రాన్సిస్టరు కాదు, దానికి కరెంటు తెచ్చే తీగచుట్ట. ఎనామిల్ నల్లబడి చుట్లు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. అప్పటినుంచి ఫ్యూజు లేకుండా ఏ బోర్డుకీ కరెంటు ఇవ్వలేదు, గిన్నె జోలికీ పోలేదు.

బయాస్, అంటే మాట లేనప్పుడు ఐఆర్ఎఫ్510లో పారే కరెంటు, ఇలా పెట్టాలి. యాంటెన్నా బదులు డమ్మీ లోడ్ తగిలించండి. పవర్ ఆంప్లిఫయరు సప్లై తీగలో మీటరుని ఆంప్స్‌లో పెట్టండి. గేటు (ఐఆర్ఎఫ్510ని అదుపు చేసే కాలు) మీద వోల్టేజీ అతి తక్కువ ఉండేలా ప్రీసెట్ (స్క్రూడ్రైవరుతో తిప్పే చిన్న రెసిస్టరు) తిప్పి, పీటీటీ నొక్కి, నోరు మెదపకుండా ప్రీసెట్ మెల్లగా పెంచండి. కరెంటు 100 మిల్లీ ఆంప్స్ పెరగగానే ఆగండి. గేటు మీద 4 వోల్టులు దాటినా కరెంటు కదలకపోతే ఆ ఐఆర్ఎఫ్510 పోయినట్టే, లేదా నకిలీది. ప్రీసెట్ కనిష్ఠంలో ఉండగానే కరెంటు ఆంపుల్లో పారితే డ్రెయిన్, సోర్సు షార్ట్ అయ్యాయి.

పవర్ కొలవడానికి డమ్మీ లోడ్ మీద 1ఎన్4148 డయోడు, 0.01 మైక్రోఫారడ్ కెపాసిటరు చాలు. కెపాసిటరు మీద వచ్చే డీసీ వోల్టులని అంతతోనే గుణించి 100తో భాగిస్తే వాట్లు. 26 వోల్టులు వస్తే 6.76, అంటే దాదాపు 7 వాట్లు. గట్టిగా, సాగదీసి "ఆఁ" అనండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి.

మాట్లాడగానే డిస్‌ప్లే ఆరిపోతోంది, లేదా కూత వస్తోంది

డమ్మీ లోడ్ మీద కూడా ఆరిపోతుంటే సప్లై బలహీనం. సన్న తీగలు తీసి లావువి వేయండి, అడాప్టరు బదులు బ్యాటరీ పెట్టి చూడండి. డమ్మీ లోడ్ మీద బాగుండి యాంటెన్నా పెట్టగానే గోల చేస్తే రేడియో ఫ్రీక్వెన్సీ కేబులు పైపొర మీదుగా వెనక్కి, మైకు తీగలోకి వస్తోంది. మైకుకి షీల్డు తీగ వాడండి. యాంటెన్నా దగ్గర కోయాక్స్‌ని (యాంటెన్నా కేబులుని) ఫెరైట్ రింగులో ఏడెనిమిది చుట్లు తిప్పండి.

ఎప్పుడూ గరగర, స్టేషన్లు అందులో మునిగిపోతున్నాయి

ఈ ఒక్కదాంతో రెండు వారాలు పోగొట్టుకున్నాను. చీకటి పడితే చాలు, గరగరమని మొదలై తెల్లారేదాకా ఆగేది కాదు. బోర్డు మీద కెపాసిటర్లన్నీ మార్చాను. ఎవరో చెబితే ఐసీ కూడా మార్చాను. చివరికి ఇంట్లో మెయిన్ ఆపేసి, బ్యాటరీ మీద విన్నాను. నిజానికి మొదటిరోజే చేయాల్సిన పని. కొంచెం తగ్గింది. తగ్గిన ఆ కాస్తా మా హాల్లో చవక ఎల్ఈడీ బల్బుది, ఫోన్ చార్జరుది. మిగిలింది బయటిది.

పాత ట్రాన్సిస్టరు రేడియో మీడియం వేవ్‌లో పెట్టి చేత్తో పట్టుకుని గట్టు వెంట నడిచాను. శబ్దం పెరుగుతూ పెరుగుతూ పక్క గుంట ఏరేటర్ల స్టార్టరు డబ్బా దగ్గర చెవులు చిల్లులు పడేలా అయింది. గుంట ఆసామి చూసి, "ఏంది అబ్బయ్యా, నీ రేడియో కోసం నా రొయ్యల్ని చంపుకోమంటావా?" అన్నాడు. రాత్రిపూట ఏరేటర్లు ఆపితే ఆక్సిజన్ పడిపోతుంది, ఆయన భయం ఆయనది. ఆపొద్దన్నా, డబ్బా తెరిచి చూపిస్తే చాలన్నా. లోపల కాంటాక్టరులో (మోటారుకి కరెంటు కలిపే స్విచ్‌లో) ఒక కాంటాక్టు గుంటలు పడి నీలంగా మెరుస్తోంది. "మోటారు వేడెక్కతా ఉందని నేను కూడా అనుకుంటానే ఉన్నా" అన్నాడు. మర్నాడు పొద్దున ఎలక్ట్రీషియన్ కాంటాక్టరు మార్చాడు, ఆ రాత్రి కర్ణాటక స్టేషన్లు శుభ్రంగా వినబడ్డాయి. డబ్బాలో మీరు మాత్రం చెయ్యి పెట్టకండి, అది త్రీఫేజు.

నెలనెలకీ రిసెప్షన్ తగ్గిపోతోంది

సముద్రం దగ్గరివాళ్లకి ఇది తప్పదు. 7.1 మెగాహెర్ట్జ్ డైపోల్ (మధ్యలో కేబులు తగిలించిన రెండు చేతుల తీగ యాంటెన్నా) మొత్తం దాదాపు 20 మీటర్లు, ఒక్కో చేయి పది. నాది రెండు కొబ్బరిచెట్ల మధ్య ఉంది. మధ్య జాయింటు దగ్గర ఉప్పుగాలికి రాగి పచ్చబడుతుంది. ఆరునెలలకోసారి దించి, గీకి, కొత్తగా సోల్డరు వేసి, రబ్బరు టేపు చుట్టండి.

కేబులులో నీళ్లు దిగాయేమో ఇంట్లోంచే తెలుసుకోవచ్చు. బాలన్ (డైపోల్‌కీ కేబులుకీ మధ్య పెట్టే కాయిల్) లేని మామూలు డైపోల్ అయితే, కోయాక్స్ రేడియో వైపు ప్లగ్గు పీకి, మధ్య తీగకీ పైపొరకీ మీటరు పెడితే ఓపెన్ చూపాలి. కిలో ఓమ్‌లు చూపిస్తే తడి ఉంది. ఎండబెట్టి లాభం లేదు. పోయిన కార్తీకం వానల తర్వాత నాది అలాగే చూపిస్తే పై చివర అడుగు కోశాను, అల్లిక నల్లగా ఉంది. ఇంకో అడుగు, ఇంకో అడుగు, మొత్తం ఐదడుగులు కోశాకే మెరిసే రాగి కనబడింది.