ఉచిత పటాలతో పని – 3వ పాఠం: అక్షాంశ రేఖాంశాలు

పోయిన పాఠంలో పేరుతో చోటు వెతికాం. ఒకే పేరుతో ఊళ్లు చాలా ఉంటే అక్కడే చిక్కు. అంకెలతో వెతికితే ఆ చిక్కు ఉండదు, కాకపోతే అంకెలను సరిగ్గా రాయాలి.

ఈఫిల్ టవర్‌ను తీసుకుందాం. వికీపీడియా వ్యాసం పైభాగంలో ఉండే అక్షాంశ రేఖాంశాలను నొక్కితే జియోహ్యాక్ పేజీ తెరుచుకుంటుంది. అదే చోటును రకరకాల పటాల్లో చూపే లింకులన్నీ అందులో ఒకచోట ఉంటాయి. అక్కడి అంకెలు ఇలా అనుకోండి: 48°51′30″ ఉత్తరం, 2°17′40″ తూర్పు.

ఇవి డిగ్రీలు, నిమిషాలు, సెకన్లు. చాలా పటాలకు దశాంశ రూపమే సులువు. నిమిషాలను 60తో, సెకన్లను 3600తో భాగించి డిగ్రీలకు కలపాలి: 48 + 0.85 + 0.00833 = 48.85833. అలాగే రేఖాంశం 2.29444. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. భాగించకుండా 48.5130 అని రాసేస్తారు. చూడ్డానికి సరైన అంకెలాగే ఉంటుంది, పటం కూడా అభ్యంతరం చెప్పదు. గుర్తు మాత్రం సుమారు 38 కిలోమీటర్లు దక్షిణానికి జరిగిపోతుంది. చుక్క తర్వాత ఉన్న అంకె నిమిషం కాదు, డిగ్రీలో భాగం.

దక్షిణ అక్షాంశానికి, పడమటి రేఖాంశానికి ముందు మైనస్ పెట్టాలి.

ఇక వరుస. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (అందరూ కలిసి తయారుచేసే ఉచిత పటం), గూగుల్ మ్యాప్స్ వెతుకుడు పెట్టెల్లో ముందు అక్షాంశం, తర్వాత రేఖాంశం. పటాల సమాచారాన్ని దాచే జియోజేసన్, కేఎమ్ఎల్ ఫైళ్లలో మాత్రం రేఖాంశమే ముందు. వరుస తారుమారైతే ఈఫిల్ టవర్ సోమాలియాకు తూర్పున హిందూ మహాసముద్రంలో కనిపిస్తుంది. గుర్తు సముద్రంలో పడిందంటే మొదట వరుసను అనుమానించండి. ఆఫ్రికా పడమటి తీరం దగ్గర, గినియా సింధుశాఖలో పడితే వేరే కారణం: అక్షాంశం, రేఖాంశం గడులు రెండూ ఖాళీగా ఉండి, సాఫ్ట్‌వేర్ వాటిని 0, 0గా తీసుకుని ఉంటుంది.

పటంలోంచి అంకెలు తీసుకునేటప్పుడు మరో జాగ్రత్త అవసరం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పటాన్ని జరిపితే బ్రౌజర్ చిరునామా పట్టీలో 'మ్యాప్' అన్న మాట తర్వాత మూడు సంఖ్యలు మారుతుంటాయి: జూమ్, అక్షాంశం, రేఖాంశం. అవి తెర మధ్యబిందువువి, మీరు చూస్తున్న భవనానివి కావు. భవనం మీద మౌస్ కుడి బటన్ నొక్కి 'సెంటర్ మ్యాప్ హియర్' ఎంచుకోండి, ఆ తర్వాతే సంఖ్యలు రాసుకోండి. గూగుల్ మ్యాప్స్‌లో ఇది ఇంకా తేలిక. కుడి బటన్ నొక్కితే వచ్చే మెనూలో మొదటి వరుసే అక్షాంశ రేఖాంశాలు, దాన్ని నొక్కితే కాపీ అవుతాయి.

చుక్క తర్వాత ఎన్ని అంకెలు ఉంచాలి? ఒక డిగ్రీ అక్షాంశం దాదాపు 111 కిలోమీటర్లు. కాబట్టి మూడు అంకెలుంటే వీధి స్థాయికి, అంటే సుమారు 110 మీటర్లకు చేరతాం. ఐదుంటే మీటరు పైచిలుకు. ఫోను జీపీఎస్ ఆకాశం బాగా కనిపించే చోట కూడా కొన్ని మీటర్లు అటూ ఇటూ అవుతుంది. పది పన్నెండు అంకెలు రాసినంత మాత్రాన కొలత మెరుగుపడదు, ఐదు చాలు. రేఖాంశం దగ్గర ఇంకో సంగతి గుర్తుంచుకోండి. ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ రేఖల మధ్య దూరం తగ్గుతుంది, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర సగమే మిగులుతుంది. అందుకే డిగ్రీల తేడాను నేరుగా దూరంగా లెక్కకట్టకూడదు.

నగరానికైనా నదికైనా వికీపీడియా వ్యాసం పైభాగంలో ఉండేది ఒక్క బిందువే. నది విషయంలో అది పుట్టిన చోటు కావచ్చు, సముద్రంలో కలిసే చోటు కావచ్చు. పటంలో చూడకుండా వాడకండి.

సాధన: 40°41′21″ ఉత్తరం, 74°02′40″ పడమరను దశాంశంలోకి మార్చి వెతకండి. 40.68917, -74.04444 వస్తే లెక్క సరే, గుర్తు స్టాట్యూ ఆఫ్ లిబర్టీ మీద పడుతుంది. కిర్గిజ్‌స్తాన్‌లో తేలితే మైనస్ మరిచిపోయినట్టే.