ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి గేర్ ఆయిల్ ఎంచుకోవడం: గోదావరి డెల్టాలో తిరిగేవారి కోసం

పుంత దారుల్లోనూ, చేపల చెరువుల గట్లమీదా, లంకల్లోని ఇసుక బాటల్లోనూ ఫోర్‌వీల్ డ్రైవ్ బండి నడిపేవారిని గేర్ ఆయిల్ ఏది పోయించారని అడిగితే, చాలామంది ‘నైంటీ’ అని చెప్పి ఊరుకుంటారు. నైంటీ అన్నది ఆయిల్ చిక్కదనాన్ని మాత్రమే చెబుతుంది. అందులో ఏ రసాయనాలు కలిపారో, దాన్ని బండిలో ఎక్కడ పోశారో చెప్పదు. ఇలాంటి బండికి ఇంజను కాక ఆయిల్ పోయవలసిన చోట్లు సాధారణంగా నాలుగు ఉంటాయి: గేర్ బాక్సు, దాని వెనుక ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు ఇరుసులో చక్రాలను తిప్పే గేర్లున్న ముందు క్రౌన్, అలాంటిదే వెనుక క్రౌన్. ఈ నాలుగింటికీ ఒకే డబ్బా చాలుననుకోవడం దగ్గరే చాలా బండ్లు పాడవుతున్నాయి.

కాబట్టి కొట్టుకు వెళ్లేముందు బండితో వచ్చిన మాన్యువల్ తెరిచి, ఆయిళ్ల పట్టికలో ఒక్కొక్క చోటికి రాసిన గ్రేడు, చిక్కదనం, లీటర్లు విడివిడిగా కాగితం మీద రాసుకోవాలి. సెకండ్ హ్యాండులో కొన్న బండికి మాన్యువల్ లేకపోతే, ఛాసిస్ నంబరు చూపించి ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగి తెలుసుకోవచ్చు. పక్కవారి బండి కూడా అదే మోడల్ అయినా వారి మాట మీద ఆధారపడకండి. సంవత్సరం మారితే గేర్ బాక్సే మారి ఉండవచ్చు.

పట్టికలో ముఖ్యంగా చూడవలసినది జీఎల్-4, జీఎల్-5 అనే గ్రేడుల తేడా. క్రౌన్‌లో పినియన్ అనే చిన్న గేరు పళ్లు, క్రౌన్ వీల్ అనే పెద్ద గేరు పళ్లమీద దొర్లడంతో పాటు పక్కకు జారుతూ గట్టిగా రాసుకుంటాయి. ఆ ఒత్తిడికి మామూలు ఆయిల్ పొర తెగిపోతుంది కనుక గంధకం, భాస్వరం ఉన్న రసాయనాలను కలుపుతారు. వేడి పుట్టినచోట అవి లోహంతో కలిసి పైన పలుచని రక్షణ పొరను ఏర్పరుస్తాయి. జీఎల్-5లో ఈ రసాయనాలు జీఎల్-4తో పోలిస్తే రమారమి రెట్టింపు ఉంటాయి. అందుకే క్రౌన్‌కు జీఎల్-5 తప్పనిసరి అని మాన్యువల్ చెబితే జీఎల్-4తో సరిపెట్టకూడదు.

అలాగని అన్నిచోట్లా జీఎల్-5 పోయడం కూడా తప్పే. చాలా గేర్ బాక్సుల్లో సింక్రోనైజర్ రింగులు ఇత్తడివి. జీఎల్-5లోని గంధకం కొన్ని రకాల ఆయిళ్లలో ఆ ఇత్తడిని తినేస్తుంది. అంతేకాక, గేరు పడాలంటే రింగు తన ఎదుటి కోనును క్షణంపాటు గట్టిగా పట్టుకుని రెండింటి వేగాన్నీ సమం చేయాలి. ఆయిల్ మరీ జారుడుగా ఉంటే ఆ పట్టు దొరకదు.

కొన్నేళ్ల కిందట మా పాత జీపును ఒక షెడ్డులో సర్వీసు చేయించిన వారం రోజులకే రెండో గేరు నుంచి మూడో గేరుకు మార్చినప్పుడల్లా కర్రుమనడం మొదలైంది. క్రౌన్‌కు తెచ్చిన డబ్బాలోదే గేర్ బాక్సులోనూ పోశారని వాకబు చేస్తే తెలిసింది. దాన్ని దింపి జీఎల్-4 పోయించాక గేర్లు మళ్లీ మెత్తగా పడ్డాయి. కానీ దింపిన ఆయిల్‌ను తెల్లటి పళ్లెంలో పోసి ఎండలో వంచి చూస్తే, అడుగున బంగారు రంగు నలుసులు తళతళలాడాయి. అరిగిపోయిన ఇత్తడి అది. ఇప్పటికీ ఆ పళ్లెం నా కళ్లముందే ఉంది. డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 రెండూ కలిపి రాసి ఉన్నా, సింక్రోనైజర్ ఉన్న గేర్ బాక్సుకు పనికొస్తుందని దానిమీద స్పష్టంగా ఉంటేనే తీసుకోండి.

చిక్కదనం విషయంలో మన ప్రాంతానికి బెంగ తక్కువ. 75డబ్ల్యూ-90, 80డబ్ల్యూ-90 అన్న అంకెల్లో డబ్ల్యూ ముందున్నది గడ్డకట్టే చలిలో ఆయిల్ ఎంతవరకు కదులుతుందో చెబుతుంది. సంక్రాంతి మంచులో కూడా మనకు ఆ అవసరం రాదు. వెనుక అంకెనే చూసుకోవాలి. ఎండలు ఎక్కువ కదా అని మాన్యువల్ అనుమతించకుండా 90 బదులు 140 పోస్తే గేర్లు బరువెక్కుతాయి. గేర్ ఆయిల్ 90ని ఇంజను ఆయిల్ 40తో పోల్చి రెట్టింపు చిక్కన అనుకోవడం కూడా సరికాదు, రెండింటి కొలమానాలు వేరు. వేడెక్కినప్పుడు ఆ రెండూ దాదాపు ఒకే చిక్కదనంలో ఉంటాయి.

ఆటోమేటిక్ బండ్లకు ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్) అనే వేరే ద్రవం కావాలి. చాలా రకాల ఏటీఎఫ్ ఎర్రగానే ఉంటుంది కాబట్టి రంగును నమ్మి కొనకూడదు. డబ్బా మీద మాన్యువల్‌లో ఉన్న పేరే ఉండాలి. ఉదాహరణకు, ఏటీఎఫ్‌లో డెక్స్‌రాన్-3 అనే రకం అడిగిన చోట డెక్స్‌రాన్-6 పోయవచ్చు కానీ, డెక్స్‌రాన్-6 అడిగిన చోట పాతది పోయకూడదు. గొలుసుతో నడిచే కొన్ని ట్రాన్స్‌ఫర్ కేసులకు కూడా ఏటీఎఫే పోయాలి, గేర్ బాక్సు చేత్తో గేర్లు మార్చేదే అయినా సరే. దమ్ము రోజుల్లో ఇంట్లో బకెట్ల కొద్దీ ఉండే ట్రాక్టర్ ఆయిల్‌ను జీపు క్రౌన్‌లో పోసే అలవాటు మానుకోవాలి. అది ట్రాక్టరు గేర్లకూ, హైడ్రాలిక్స్‌కూ, ఆయిల్‌లో మునిగి పనిచేసే బ్రేకులకూ కలిపి చేసినది.

ఇక్కడ ఆయిల్‌కు అసలు శత్రువు నీరు. గంటసేపు నడిచి కాలిన క్రౌన్ ఒక్కసారిగా కాలువ నీటిలో దిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, ఆ ఖాళీ నిండడానికి సీళ్ల సందుల నుంచీ, బ్రీదర్ అనే గాలి రంధ్రం నుంచీ నీటిని లోపలికి పీల్చుకుంటుంది. అందువల్ల బ్రీదర్‌కు రబ్బరు గొట్టం తగిలించి, ఇంజను గదిలో ఎత్తైన చోటికి తీసుకెళ్లి కట్టించుకోవాలి. నిలిపి ఉంచిన బండికీ ఈ ప్రమాదం ఉంది. 2022 జూలై వరదలా నీరు రోజుల తరబడి నిలిచినప్పుడు బ్రీదర్ దాకా మునిగిన బండిలోకి నీరు చేరుతుంది. ధవళేశ్వరం బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక రాగానే బండిని ఏటిగట్టు మీదికి చేర్చడం మంచిది.

నీటిలో దిగివచ్చిన మర్నాడు ఆయిల్ పోసే రంధ్రానికున్న ఫిల్లర్ బోల్టు విప్పి, చిటికెన వేలు పెట్టి కొంచెం ఆయిల్ తీసి చూడండి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీరు చేరినట్టే. అనుమానంగా ఉంటే వేడి పెనం మీద, ఆరుబయట, దూరంగా నిలబడి ఒక్క చుక్క వేయండి. నీరున్న ఆయిల్ చిటపటలాడుతుంది. అప్పుడు కిలోమీటర్ల లెక్క చూడకుండా వెంటనే మార్చాలి. అంతర్వేది తీరంలోనో, రొయ్యల చెరువుల దగ్గరో ఉప్పునీరు తగిలిందంటే మరుసటి రోజు వరకు కూడా ఆగకూడదు, బేరింగులకు తుప్పు పడుతుంది.

మార్చేటప్పుడు బండిని కొద్దిసేపు నడిపి, సమతలం మీద నిలిపి, ముందుగా పైనున్న ఫిల్లర్ బోల్టు ఊడుతుందో లేదో చూసుకోవాలి. అది బిగుసుకుపోయి ఉండగా కింది డ్రెయిన్ బోల్టు విప్పితే ఆయిల్ అంతా పోతుంది, కొత్తది పోసే దారి ఉండదు. వాషర్లు కొత్తవి వేసి, మాన్యువల్ వేరే కొలత చెప్పకపోతే ఫిల్లర్ రంధ్రం అంచు దాకా పోయాలి. పాత ఆయిల్‌ను పంట బోదెలోకి వదలకుండా డబ్బాలో పట్టి షెడ్డుకు అప్పగించండి. గ్రేడు, తేదీ, కిలోమీటర్లు డ్రైవరు తలుపు లోపలి అంచున పెయింటుతో రాసిపెడితే, ఈసారి బండి కింద దూరేది ఎవరైనా ఏ డబ్బా తేవాలో చూసుకుంటారు.